తొమ్మిదో గడి

పేరు వేరు, పని వేరు

నేను చేసిన ఉద్యోగం గురించి చెబితే జనం రెండు రకాలుగా అనుకునేవాళ్లు. మాజీ సైనికులకు క్యాంటీన్ కార్డులు ఇప్పిస్తానని కొందరు, ఆగస్టు పదిహేనున ముసలి సిపాయిలకు శాలువాలు కప్పిస్తానని కొందరు. శాలువాలు కప్పించాను, కాదనను. కానీ అసలు పని అది కాదు. నడుము విరిగి మంచాన పడ్డ మనిషిని పొద్దున్నే ఎవరు లేపి కూర్చోబెడుతున్నారు, ఎవరు పక్కకి తిప్పుతున్నారు, ఆ చేసే మనిషికి మనం ఏం అందించగలం, ఇది తెలుసుకోవడమే పని. ఆ ముక్క నాకు అర్థం కావడానికి సర్వీసంతా పట్టింది. సిగ్గుపడాల్సిన విషయమే.

మాది సర్కారు ఆఫీసు కాదు. గాయపడి ఇంటికొచ్చిన సైనికులకూ, ఇంట్లో వాళ్లని చూసుకునేవాళ్లకూ సాయం చేసే ఒక ట్రస్టు. గుంటూరులో మిర్చియార్డుకి పోయే దారిలో రెండు గదులు. సీజన్లో కిటికీ తెరిస్తే ఇక తుమ్ములే తుమ్ములు. సైన్యంలో గుమస్తా హవల్దారుగా చేసి బయటికొచ్చాక అందులో చేరాను. ఇప్పుడు అక్కడా రిటైరయ్యాను. నా కుర్చీలోకి కొత్తవాళ్లు వచ్చారు. “మాకేమైనా చెప్పండి సార్” అంటే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, నాకు రాలేదు కాబట్టి.

కర్నల్ గారి సూత్రం

మా మొదటి బాసు రిటైరైన కర్నల్. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. ఆయనకి ఖాళీ గడి కనబడితే ఒళ్లు మండిపోయేది. చేరిన కొత్తలో ఒకసారి రెండు గడులు వదిలేసి ఫారం సంతకానికి పెట్టాను. ఫైలు తీసి నా మీదకి విసిరేశారు.

“ఏమయ్యా హవల్దారూ! ఖాళీ గడి అంటే తలుపు తీసిపెట్టిన ఇల్లు. ఎవడైనా దూరతాడు. ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. ఖాళీ మాత్రం వదలకు!”

ఆ మాట ఉడుం పట్టు పట్టాను. ఆ తర్వాత నా చేతి మీదుగా ఖాళీ గడి ఉన్న ఫారం ఒక్కటి పోలేదు. ఫారం ఇంగ్లీషులో ఉండేది, నేను తెలుగులో అడిగి రాసుకునేవాణ్ని. ప్రశ్నకి ముందు దాని అంకె గట్టిగా అరవడం నాకు అలవాటు. పరేడు గ్రౌండులో లెక్క చెప్పినట్టు “ఒకటి!” అని పేరు అడగడం, “రెండు!” అని ఊరు అడగడం. మనిషికి పది నిమిషాలు, అంతే. నా స్పీడు చూసి కర్నల్ గారు కూడా మెచ్చుకునేవారు. నా చేతిరాత గురించి వేరే చెప్పక్కర్లేదు, ముత్యాలు.

కొత్తగా వచ్చినవాళ్లు ఈ సూత్రాన్ని నేర్చుకోండి. నేర్చుకుని, తర్వాత ఏమైందో కూడా వినండి.

గడప

ఈ పనిలో మొదటి దెబ్బ నాకు దాచేపల్లి వైపు తగిలింది. అక్కడ ఒక ఊళ్లో రెండు కాళ్లూ పోయిన కుర్ర సిపాయికి చక్రాల కుర్చీ ఇచ్చాం. ఫోటో దిగాం, మిఠాయి తిన్నాం, “ఇచ్చాం” అని ఫైల్లో రాశాం. ఆరు నెలలకి అటు వెళ్లాల్సి వచ్చి చూస్తే కుర్చీ వసారాలో ఉంది. దాని మీద ఎండుమిర్చి బస్తా కూర్చుంది. కుర్రాడు లోపల మంచం మీద ఉన్నాడు.

“ఇదేంటమ్మా?” అన్నాను వాళ్లమ్మతో.

“గడప దాటట్లేదు నాయనా.”

చూస్తే నిజమే, గడప జానెడు ఎత్తుంది. మేస్త్రీని పిలిచి కోయించమన్నాను. ఆవిడ గుండెలు బాదుకుంది. “సింహద్వారం గడప కోస్తారా ఎక్కడన్నా? పసుపు రాసి బొట్టు పెట్టే గడప! మా ఇల్లు ఏమైపోవాలి?”

లోపల్నుంచి కుర్రాడు అన్నాడు, “వదిలెయ్యండి సార్. మా అమ్మకి గడప లక్ష్మీదేవి. నేను మంచం కోడు.”

వడ్రంగిని పట్టుకుని గడపకి రెండు పక్కలా ఏటవాలుగా చెక్కలు వేయించాం. గడప గడపలాగే ఉంది, కుర్చీ వీధిలోకొచ్చింది. పని గంటసేపటిది. ఆ గంట కోసం కుర్రాడు ఆరు నెలలు ఇంటి కప్పు చూస్తూ పడుకున్నాడు, ఎందుకంటే ఫోటో దిగిన రోజున నేను గుమ్మం బయటే నిలబడ్డాను. ఒక్క అడుగు లోపలికి వేసి ఉంటే ఆ గడప నా కాలికే తగిలేది.

బుద్ధొచ్చింది అనుకున్నాను. ఏం రాలేదు.

తొమ్మిది!

సైన్యంలో నాయక్ హోదాలో చేసిన దేవదానంది మార్టూరు దగ్గర పల్లె. కొండ దారిలో సైన్యం ట్రక్కు లోయలో పడి వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. చేతులు మాత్రం బాగా పనిచేస్తాయి. చాలాకాలం ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. ఆయన పేరు మా దగ్గర రాయించడానికి భార్య కరుణమ్మ వచ్చింది. ఇది జరిగి, నేను రిటైరయ్యే నాటికి పదమూడేళ్లు.

వచ్చింది మిరపకాయల సీజన్లో. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తొడిమలు తీసే పని నుంచి అటే వచ్చిందేమో, ఘాటు అనుకున్నాను. కూర్చోమని, నా మామూలు స్పీడులో మొదలుపెట్టాను. పేరు, ఊరు, రెజిమెంటు, గాయం, అన్నీ టకటకా అయిపోయాయి.

“తొమ్మిది!” అన్నాను. “ఇంట్లో ఆయన్ని చూసుకునే మనుషులెవరైనా ఉన్నారా?”

“ఎవరున్నారండీ...” అంది.

“లేరు” అని రాశాను. “పది! ఇంటికి కరెంటుందా?”

“ఉందండి.”

పన్నెండు గడులూ నిండాయి. కింద సంతకం పెట్టించాను. పదో తరగతి చదివిందట, గుండ్రటి అక్షరాలు. సంతకం పెట్టాక లేచి కాసేపు అలాగే నిలబడింది. “ఇంకేంటి?” అన్నాను. “ఏం లేదండి” అని వెళ్లిపోయింది. బయట ఇంకో ముగ్గురు ఎదురుచూస్తున్నారు.

తొమ్మిదో గడి చిన్న గడి కాదు. అందులో ఒక పేరుంటే ఆ పేరు మీద కొన్ని వస్తాయి. మనిషిని ఎత్తడానికి నడుముకి కట్టుకునే బెల్టు, రబ్బరు చేతి తొడుగులు, రోగిని ఎలా తిప్పాలో నేర్పే వారం రోజుల శిక్షణ. అన్నిటికంటే ముఖ్యం, ఏడాదిలో ఒక నెల ఆ మనిషికి విశ్రాంతి ఇచ్చి బదులుగా పని చేసే సహాయకుడు. పేరు లేకపోతే ఇవేవీ రావు. రోగికి రావాల్సిన గాలి పరుపు, ట్యూబులు, మూత్రం సంచులు మాత్రం వస్తాయి.

ఆ సంచులు పట్టుకుపోవడానికి కరుణమ్మ మూడు నెలలకోసారి మా ఆఫీసుకి వచ్చేది. “ఎలా ఉన్నాడమ్మా?” అనేవాణ్ని. “బాగున్నారండి” అనేది. పన్నెండేళ్లు! ప్రతిసారీ ఆవిడ నా ఎదురుగా నిలబడి సంచులు లెక్క చూసుకుని పట్టుకెళ్తుంటే, ఈ సంచులు ఇంటి దగ్గర ఎవరు మారుస్తున్నారు అన్న ఆలోచన నా బుర్రకి ఒక్కసారి తట్టలేదు. మట్టిబుర్ర అంటారే, అది నాదే.

పైనుంచి వచ్చిన జాబితా

నా రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా మా హెడ్డాఫీసు పాత ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. తొమ్మిదో గడిలో “లేరు” అని ఉన్నవాళ్లందరినీ వేరు చేసి “ఒంటరి రోగులు” అని ఒక జాబితా తీసింది. మా ఆఫీసు నుంచి అందులో ఉన్నది ఒక్క పేరు, దేవదానం. ఆయనకి వేరే రాష్ట్రంలో ట్రస్టు నడిపే ఆశ్రమంలో మంచం కేటాయించామని, నెలలోపు తరలించాలని, ఇంటికి పంపే సామాను ఆపేస్తామని ఉత్తరం వచ్చింది.

నిజం రాస్తున్నాను, నాకు సంతోషం వేసింది. పాపం, దిక్కులేని మనిషికి ఒక నీడ దొరికింది అనుకున్నాను. శుభవార్త కదా అని నేనే కరుణమ్మకి ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు మొదటి బస్సుకి ఆవిడ వచ్చింది.

“సార్, ఆయన్ని ఎక్కడికో తీసుకుపోతారా?”

“మంచి ఆశ్రమం అమ్మా. డాక్టర్లు, నర్సులు, అన్నీ ఉంటాయి.”

“నన్ను రానిస్తారా?”

“లేదమ్మా, రోగులకి మాత్రమే.”

“మేం ఏం తప్పు చేశామండీ? ఆయన అన్నం తినట్లేదు నిన్నట్నుంచి.”

“తప్పు కాదమ్మా. ఇంట్లో చూసుకునేవాళ్లు లేరని...”

“లేరా?” అంది.

నమ్మట్లేదని ఫైలు తీసి ముందు పెట్టాను. నా ముత్యాల్లాంటి అక్షరాలు. ఆవిడ వంగలేక వంగి, తొమ్మిదో గడి మీద వేలు పెట్టి, లోపల్లోపలే చదువుకుంది. తర్వాత నా మొహంలోకి చూసింది.

“నేను లేనా అండీ?”

నా ఎదురుగా పన్నెండేళ్లుగా వచ్చి నిలబడే మనిషి, నా చేతిరాతలో లేదు. అప్పుడు నేనేం చేయాలి? కాళ్లు పట్టుకోవాలి. నేను చేసింది ఏంటో తెలుసా? అరిచాను. “నువ్వే కదమ్మా ఎవరూ లేరన్నావు!”

“నేనా?” అంది.

నిన్న పొద్దున్నుంచి

నా అరుపు విని లోపలి గదిలోంచి మేజర్ గారు వచ్చారు. కర్నల్ గారి తర్వాత వచ్చిన బాసు ఆవిడ. సైనిక ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మలయాళీ. తెలుగు కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నారు. ఫారం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందిదాకా చదివారు.

“హవల్దార్ గారూ, ఈ సంతకం ఎవరిది?”

“ఆవిడదే మేడం.”

“ఫారం మీద ఉంది. ఇంట్లో లేదా?”

మేజర్ గారు కరుణమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, తను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. అంకెలు లేవు, ఫారం లేదు. “నిన్న పొద్దున లేచింది నుంచి చెప్పమ్మా. ఏం చేశావు, ఎలా చేశావు. చిన్నది కూడా వదలద్దు” అన్నారు.

కొత్తవాళ్లూ, ఈ ఒక్క ప్రశ్న రాసిపెట్టుకోండి. ఎవరు చూసుకుంటున్నారు అని అడిగితే ఒక మాట వస్తుంది. నిన్న పొద్దున్నుంచి ఏం చేశావని అడిగితే మనిషి బయటికొస్తుంది.

కరుణమ్మ చెప్పడానికి గంట పైనే పట్టింది. సంచి మార్చడం, ఒళ్లు తుడవడం, బట్టలు, మళ్లీ సంచి. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి.

“రాత్రి కూడానా?” అన్నారు మేజర్ గారు.

“పుండుకి రాత్రేంటి, పగలేంటండీ? సెల్లులో అలారం పెట్టుకుంటా.”

“ఎప్పట్నుంచి?”

“ఆయనొచ్చిన కాడ్నించి.”

మేజర్ గారు పెన్ను బల్ల మీద పెట్టేశారు. వార్డుల్లో ఎన్నో చూసిన మనిషి. ఆవిడే కిటికీ వైపు తిరిగిపోయారు. నేను గోడకి ఆనుకున్నాను. పన్నెండేళ్లుగా వరసగా రెండు గంటలు నిద్రపోని మనిషి ఒకరుంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

“మిరప కోతలకి పోవడం మానేశానండి” అని కరుణమ్మే మళ్లీ అందుకుంది. “మొదట్లో పోయేదాన్ని. ఒకనాడు తొడిమలు తీసొచ్చి చేతులు కడుక్కునే ట్యూబు మార్చాను. ఎంత కడిగినా ఆ కారం పోదు కదండీ. ఆయనకేమో స్పర్శ లేదు, మంట తెలియలా. తెల్లారి చూస్తే బొబ్బలు. ఆ రోజు ఏడ్చిన ఏడుపు నాకే తెలుసు. ఇప్పుడు పత్తి తీతకే పోతన్నా. చేతి తొడుగులు ఏవో ఉంటాయంట గదా, అవి ఎక్కడ దొరుకుతాయండీ?”

తొడుగులు నా కుర్చీ వెనక బీరువాలో ఉన్నాయి. పెట్టెలకి పెట్టెలు. పన్నెండేళ్లుగా ఆవిడ వచ్చి నిలబడే చోటికి నాలుగడుగుల దూరంలో.

ఆ మధ్యాహ్నమే మేజర్ గారూ నేనూ ఆవిడ వెంట వాళ్ల ఊరెళ్లాం. చర్చి వెనక రెండు గదుల ఇల్లు. దూలానికి మోకు కట్టి ఉంది. మోకు చివర పాత చీరాల చీర మడతపెట్టి ఉయ్యాలలాగా కట్టింది. దాంతోనే ఆయన్ని లేపి కూర్చోబెడుతుంది. ఎవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదంది. మేజర్ గారు దేవదానాన్ని పక్కకి తిప్పి వీపంతా చూశారు. ఒక్క పుండు లేదు. “పెద్ద ఆసుపత్రుల్లో కూడా నేను ఇంత శుభ్రమైన వీపు చూడలేదు” అన్నారు. తర్వాత కరుణమ్మని వంగమన్నారు. ఆవిడ మోకాళ్ల దాకా కూడా వంగలేకపోయింది.

దేవదానం నన్ను చూసి నవ్వాడు. “సార్, నా నడుం దేశం కోసం పోయింది, దానికి మీ దగ్గర ఫారం ఉంది. మా ఆవిడ నడుం నా కోసం పోయింది. దానికేం ఫారం ఉంది?”

తొమ్మిదో గడే ఉందయ్యా, అందామనుకున్నాను.

మా ఇంట్లో

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే కూర్చుండిపోయాను. మా అమ్మ అప్పటికి రెండేళ్లుగా మంచం మీద ఉంది. “మా అమ్మని మేమే చూసుకుంటున్నాం” అని ఆఫీసులో గొప్పగా చెప్పేవాణ్ని. ఆ “మేము”లో నా వాటా ఎంతో ఆ రోజు దాకా ఆలోచించలేదు.

“నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశావు?” అని మా ఆవిడని అడిగాను.

“ఎందుకు? ఏం పోయింది?” అంది అనుమానంగా.

“ఏం పోలేదు, చెప్పు.”

“మీరు కాఫీ తాగేటప్పుడు అత్తయ్యకి పక్క మార్చా. మీరు పేపరు చదివేటప్పుడు స్నానం చేయించా. మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు...”

“సరే సరే, చాల్లే” అన్నాను.

“అడిగారుగా! పూర్తిగా వినండి” అంది. విన్నాను. పెళ్లయ్యాక మొదటిసారేమో.

పది

మేజర్ గారు హెడ్డాఫీసుకి పెద్ద ఉత్తరం రాశారు. వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. పన్నెండేళ్లుగా “లేరు” అని ఉన్న గడిలోకి ఇప్పుడు మనిషి ఎక్కడ్నుంచి వచ్చింది, మా డాక్టరు స్వయంగా వచ్చి చూస్తారు, అప్పటిదాకా ఆశ్రమం ఆర్డరు అలాగే ఉంటుంది అన్నారు. నేను రాసిన అబద్ధానికి సాక్ష్యం నా ముత్యాల చేతిరాతే.

ఆ మధ్యలో ఒక మీటింగులో మాట్లాడమంటే మాట్లాడాను. “మన ఆడవాళ్లతో వచ్చే చిక్కు ఇదే. తమని తాము మనుషుల లెక్కలో వేసుకోరు. ఎవరూ లేరంటారు. మనమే కనిపెట్టాలి” అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాట చెప్పుకుంటే నాకు కొంచెం ఊపిరాడేది. తప్పులో సగం ఆవిడ మీద పెట్టినట్టు ఉండేది కదా.

డాక్టరు వచ్చిన రోజు ఆ రెండు గదుల ఇంట్లో గాలి ఆడలేదు. ఆయన కాదంటే వారంలో అంబులెన్సు వస్తుంది. దేవదానం మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, అప్పుడే ఎవరో లాక్కుపోతున్నట్టు. డాక్టరు తెలుగాయనే, పెద్దవయసు, నిదానం మనిషి. అన్నీ చూసి, స్టూలు మీద కూర్చుని ఫారం ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఈయన్ని చూసుకునేవాళ్లు ఎవరమ్మా?”

కరుణమ్మ చీర చెంగుకి చేతులు తుడుచుకుంది.

“ఎవరున్నారండీ...” అంది.

అవే మాటలు! అదే గొంతు! అయిపోయింది, మళ్లీ రాసేస్తాడు అనుకుని ముందుకి ఉరికాను. మేజర్ గారు నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపారు. డాక్టరు పెన్ను కదపలేదు. కరుణమ్మ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ మంచం వైపు ఒకసారి చూసింది.

“...నేనే” అంది.

డాక్టరు ఆవిడ పేరు రాసుకున్నాడు. రాసి, “ఈయన ఎక్కడికీ వెళ్లక్కర్లేదు” అన్నాడు. దేవదానం పట్టె వదిలి రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు. నెల తిరక్కుండా సహాయకుడు వచ్చాడు, బెల్టు వచ్చింది, తొడుగులు అంతకుముందే నేను మోసుకెళ్లి ఇచ్చాను. కరుణమ్మ నడుముకి వైద్యం మొదలైంది. పూర్తిగా బాగవదన్నారు. ఆలస్యమైందట.

కానీ డాక్టరు వచ్చిన ఆ రోజు నేను సంతోషపడలేదు. వసారాలోకొచ్చి నిలబడ్డాను. ఎవరున్నారండీ, నేనే. మన ఊళ్లలో ఎవరిని అడిగినా ఇలాగే చెబుతారు. వంట ఎవరు చేస్తారంటే ఎవరున్నారు, నేనే. చేలో నీళ్లు ఎవరు పెడతారంటే ఎవరున్నారు, నేనే. రెండూ కలిపి ఒక్కటే మాట. ఈ గడ్డ మీద పుట్టి పెరిగిన నాకు తెలియదా అది? ఆవిడ తనని లెక్కలో వేసుకోలేదని ఊరంతా చాటాను కదా.

కరుణమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకుని అడిగేశాను.

“ఫారం నింపిన రోజు ఆఫీసులో నువ్వు ‘ఎవరున్నారండీ’ దగ్గర ఎందుకు ఆగిపోయావమ్మా?”

“నేను ఆగలేదు సార్” అంది, తప్పు తనదే అన్నట్టు మెల్లగా. “నేను ‘నేనే’ అనేలోపు మీరు ‘పది’ అనేశారు.”